చట్రం మీద కోర్టు

జూన్ 3

మా ఆవిడ పుస్తకాలు కుట్టే చెక్క చట్రాన్ని హస్తకళల టీచరమ్మకు ఇచ్చేసింది. నాతో మాటమాత్రమైనా చెప్పలేదు. శనివారం వ్యాను వస్తుందట. నేను మాట్లాడటం మానేశాను.

జూన్ 4, ఉదయం

మానెయ్యడం కష్టంగా ఉంది.

కొన్నేళ్ల కిందట మూసేసిన మా బైండింగ్ షాపుకు వచ్చేవన్నీ దేశదేశాల లా పుస్తకాలే. ఫారాలు, అంటే మడతపెట్టిన అచ్చుకాగితాలు, ఆవిడ కుట్టేది, అట్టలు నేను వేసేవాణ్ణి. నా చదువంతా ఆ చట్రం పక్కనే. మాకు తగాదా వస్తే, ఆ రోజు చట్రం మీద ఏ దేశం పుస్తకం ఉంటే ఆ దేశం చట్టమే చెల్లుబాటు. కూరలో ఉప్పు కేసులో జ్యూరీ కావాలని పట్టుబట్టింది. పన్నెండుమందిని ఎక్కణ్ణుంచి తేను? పక్కింటి టైలరునీ, ఆయన అత్తగారినీ పిలిచాం. శుభ్రంగా భోంచేసి, తీర్పు చెప్పకుండా వెళ్లిపోయారు. ఇంకో దేశంలో ప్రశ్నలన్నీ జడ్జిగారే అడుగుతారు. ఆ వారమంతా జడ్జి ఆవిడే. మరో దేశంలో పాత తీర్పే కొత్త తీర్పుకు దారి. అది తెలిసిందే తడవు, పెళ్లినాటినుంచి నేనన్న మాటలన్నీ తవ్విపోసింది. ఆ పుస్తకానికి ఆ పూటే అట్ట వేసి పంపించేశాను.

ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడికి పోయాను!

అదే రోజు, సాయంత్రం

నోరు విప్పాను. ఉమ్మడి సొత్తు ఇద్దరూ సంతకం పెట్టందే గడప దాటని దేశం ఉందన్నాను. పనిముట్టు పనిచేసే చేతిదేననే దేశమూ ఉంది కదండీ అంది. అసలెందుకిచ్చావో చెప్పమన్నాను. ముద్దాయి నోరు మెదపక్కర్లేని దేశాన్ని కూడా నేనే కుట్టానంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది.

జూన్ 5

నేను గెలిచే దేశం కోసం వెతుకుతున్నాను. చిక్కేమిటంటే, నేను చదివినవి మడత విప్పని ఫారాల పైపేజీలే. నేరం ఒక ఫారంలో, శిక్ష తర్వాతి దాని కడుపులో. సగం ప్రపంచంలో ఏం చేయకూడదో తెలుసు, చేస్తే ఏమవుతుందో తెలియదు.

జూన్ 6

టీచరమ్మ వచ్చింది. ఒక్క ఫారం కుట్టి చూపించండి పిన్నిగారూ అని బతిమాలింది. మా ఆవిడ సూది పట్టుకుంది. మడత దొరకలేదు. మళ్లీ పెట్టింది. దొరకలేదు. వేళ్లకు స్పర్శ తెలియడం లేదమ్మా, ఏడాదిగా ఇంతే అంది. మీ బాబాయిగారితో అనకు, జాలిపడి నోరు మూసుకుంటారు, పోట్లాడే మనిషి లేకపోతే నాకు ఇల్లు బావురుమంటుంది అంది.

నేను తలుపు వెనకే ఉన్నాను.

జూన్ 7, శనివారం

చట్రానికి ఒక కొస నేనే పట్టి వ్యాను ఎక్కించాను. అది మలుపు తిరగ్గానే, పై కోర్టుకు వెళ్తున్నానని గట్టిగా అరిచాను.

వెళ్లండి, తొందరేముంది, బోలెడు దేశాలున్నాయి అంది.