నలభై ఇళ్లకు పది ఉద్యోగాలు

జూన్ 16, సోమవారం. ఉదయం 6.10
నిశ్చయించాను! నెల రోజుల్లో పది ఉద్యోగాలు సృష్టిస్తాను. అమెరికా ఇన్వెస్టర్ వీసాకి అదే షరతు. ఉన్న వ్యాపారం పెంచాలి, పదిమందికి ఫుల్‌టైమ్ పని ఇవ్వాలి. చెన్నై కన్సల్టెంటు మాథ్యూ ముప్పై పేజీలు పంపాడు. రెండు పేజీలకే సారం పట్టేశాను. మిగతాది బుర్ర తక్కువ వాళ్ల కోసం.

సూళ్లూరుపేటలో ఇరవై ఏళ్లుగా నేను నరేంద్రబాబుని కాదు, 'ఎండ్రొయ్యల బాబు'ని. పెళ్లిళ్లలో నా పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీయే. గ్రీన్‌కార్డు రానీ, ఈ ఊరి సంగతి చూస్తాను!

వనజాక్షి కాఫీ ఇస్తూ, "ఆడికి బోయి మాత్రం ఏం జేస్తారు? రొయ్యలు ఎండబెట్టేదేగా?" అంది. మా ఆవిడ దూరదృష్టి గుమ్మం దాటదు.

జూన్ 19, గురువారం. 11.00
సరస్సు ఒడ్డున రొయ్యలు ఎండబెట్టే రెండో షెడ్డు రెడీ. పక్కనున్న నలభై ఇళ్ల జాలర్ల కుప్పం నుంచి పేరమ్మ పదిమందిని తెచ్చింది. అక్కడ ఆమె మాటే శాసనం. రిజిస్టర్లో ఫొటోలు అంటించి అపాయింట్‌మెంట్ ఆర్డర్లు ఇచ్చాను. తొమ్మిది నుంచి ఐదు. డ్యూటీ అంటే ఏమిటో ఈ జనానికి నేను నేర్పాలి. ఖర్మ!

జూన్ 23, సోమవారం. 9.20
పదిమందీ వచ్చారు. ఒక్క ముఖమూ ఫొటోతో కలవదు!!

"మొన్నటి వాళ్లేరీ?"

"వాళ్ల పాడు అయిపోయింది గదా నాయనా. ఈ వారం పోలేరయ్యోళ్ల వరసలో పదిళ్ల పాడు," అంది పేరమ్మ.

సరస్సులో మంచి చోట అందరూ ఒకేసారి వల వేయరు. చీటీలు వేసుకుని, ఇంటికో వంతు. దాన్నే పాడు అంటారు. నా ఉద్యోగాలనీ పాడులో వేసేసుకున్నారు!

"ఇవి పర్మినెంటు ఉద్యోగాలమ్మా!"

"నలభై ఇళ్లుంటే పదిళ్లే తినేదా? ఇదేం న్యాయం నాయనా?"

ఇంట్లో చెబితే వనజాక్షి పడీ పడీ నవ్వింది. "పాడు అని వాళ్లే జెప్పినారు గదా, ఇంక బాగుపడేదేముండాది?"

జూన్ 26, గురువారం. 3.30
మనసు కుదుటపడింది. నెల తిరిగేసరికి రిజిస్టర్లో నలభై పేర్లు ఉంటాయి. ఆ లెక్కన న్యాయంగా నాకు నాలుగు గ్రీన్‌కార్డులు రావాలి.
ఇంగ్లీషు పాఠం: తలనొప్పి వల్ల లేదు.
మాథ్యూ పంపిన మూడో పేజీ: రేపు.

జూలై 2, బుధవారం. సాయంత్రం 4.45
మాథ్యూ ఫోన్.

"సార్, ఆ పది ఉద్యోగాలు అమెరికాలో ఇవ్వాలి. అక్కడివాళ్లకి."

"ముందే చెప్పి ఏడవచ్చుగా!"

"మూడో పేజీ మొదటి లైను సార్."

వాడొక కన్సల్టెంటు! అంత ముఖ్యమైన సంగతి మూడో పేజీలో దాస్తారా ఎవరైనా? అన్నం సయించలేదు. ఊరంతా డప్పు కొట్టుకున్నాను, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని తిరగను? కాసేపు ఏడ్చాను కూడా. ఈ పేజీ ఎవరూ చదవకూడదు.

జూలై 3, గురువారం. 10.15
షెడ్డు మూసేద్దామని తాళం పట్టుకుని వెళ్లాను. నేను నోరు తెరవకముందే పేరమ్మ అందుకుంది.

"పెద్దోళ్లు కూర్చోని మాట్లాడినారు నాయనా. సరస్సులో నీకూ ఒక పాడు ఇచ్చినాం. నలభై ఒకటో ఇల్లు నీదే."

"నాకు వల వేయడం రాదే!"

"వల మాది, పడవ మాది. పడిందంతా నీది. కుప్పంలో పుట్టనోడికి ఇచ్చేది ఇదే మొదులు."

ఈ మొద్దు జనానికి వీసా షరతులు ఎలా చెప్పను? తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాను. దుమ్ము వల్లనే. తాళం తిరిగి ఇంటికి తెచ్చాను.

జూలై 7, సోమవారం. ఉదయం 6.10
మళ్లీ మొదలు! ఈసారి పకడ్బందీగా. అమెరికాలోనే షెడ్డు, అమెరికా వాళ్లకే పది ఉద్యోగాలు. ముప్పై పేజీలూ చదువుతాను, ఒట్టు.

సంతకాలకి గురువారం చెన్నై రమ్మన్నాడు మాథ్యూ.

కుదరదన్నాను. ఆ రోజు నా పాడు.