పాత పద్ధతి

జూలై 6
మా ఆవిడ ట్రైనింగ్ ముగించుకుని వచ్చింది. ఇకనుంచి ప్రతి బుధవారం ఊళ్లో రైతులకు తోటపని పాఠాలు చెబుతుందట. నన్నూ రమ్మంది. తాతకు దగ్గులు నేర్పినట్టుంది. అసలు ఆమెకు పార పట్టడం నేర్పిందే నేను.

జూలై 9, మధ్యాహ్నం
మొదటి క్లాసు మా పశువుల కొట్టం ముందే పెట్టింది. సగం ఊరు వచ్చింది. మా చిన్నాన్న చెయ్యెత్తి మరీ డౌటు అడిగాడు. నన్నెప్పుడూ మంచినీళ్లు తప్ప ఏమీ అడగలేదు ఆయన. నేను గోడ అవతల తాడు పేనుతూ కూర్చున్నాను. వినడానికి కాదు. పలుపుతాడు తెగిపోయింది, అందుకు.

జూలై 20
ఆమెకు ట్రైనింగ్ ఇచ్చిన వ్యవసాయ ఆఫీసర్ వచ్చి మా వంగతోటను రెండు సగాలు చేశాడు. ఒకటి ఆమెది, మందు కొట్టకుండా పెంచాలి. ఇంకొకటి నాది. ఎప్పటిలాగే వారం వారం మందు కొట్టాలి, అంతకుమించి ఏమీ చెయ్యకూడదు, అప్పుడే తేడా తెలుస్తుందని రెండుసార్లు చెప్పాడు. చివర్లో అందరి ముందూ కాయలు కోసి చూస్తారట. ఆమె సగం గెలిస్తే క్లాసు వచ్చే ఏడూ ఉంటుంది, ఆమె టీచరుగా ఖాయం. లేకపోతే ఎత్తేస్తారు.
ఆమె వైపు ‘కొత్త పద్ధతి’ అని బోర్డు పాతారు. నా వైపు ‘పాత పద్ధతి’.

ఆగస్టు 13
ఇవాళ గోడ అవతలి నుంచి విన్నది: వంగకొమ్మ చివర వాలిందంటే లోపల పురుగు ఉన్నట్టే. అదే తర్వాత కాయల్లో దూరుతుంది. వాలిన చివర్ని తుంచి కాల్చెయ్యాలి. ఇన్నేళ్లూ ఎండకు వాలిందనుకున్నాను.
చప్పట్లు కొట్టారు. ఆఫీసర్ ఆమెను మేడమ్ అన్నాడు. డైరీలో కూడా దాచుకోవడం ఎందుకు, నాకు మా ఆవిడ మీద అసూయ.

ఆగస్టు 14, ఉదయం
ఆమె పాలకేంద్రంలో పాలు పోయడానికి వెళ్లగానే నా సగంలో వాలిన చివర్లన్నీ తుంచి పొయ్యిలో వేశాను. మందు కూడా కొట్టాను.

ఆగస్టు 22
మళ్లీ తుంచాను. ఇక ఆమె ఇంట్లో లేనప్పుడల్లా ఇదే పని.

సెప్టెంబర్ 4
నా మొక్కల ముందు నిలబడి, ఈసారి మీవి భలే ఉన్నాయే అంది. పాత పద్ధతి అన్నాను.

అక్టోబర్ 8
రెండు బుట్టలు పెట్టి కాయలు ఒక్కొక్కటే కోశారు. ఆమెవి బాగానే ఉన్నాయి, అక్కడక్కడ పుచ్చు. నావి ఇంకా బాగున్నాయి. రోజూ వంగి చివర్లు తుంచుకుంటూ కూర్చునేకంటే మందే సుఖం కదా అన్నాడు చిన్నాన్న. అందరూ నవ్వి నాతో చేతులు కలిపారు. వచ్చే ఏడు ఇక్కడ క్లాసు ఉండదని చెప్పేశాడు ఆఫీసర్. ఆమె చార్టులు చుట్టి చంకలో పెట్టుకుంది.
ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. రెండూ ఒక్క పూటలో గెలిచాను, అదీ పెళ్లాం మీద. అన్నం సయించలేదు.

అదే రోజు, దీపాలు పెట్టాక
చేతికి నూనె సీసా ఇస్తూ నా గోళ్లు చూసింది. తుంచిన పసరుకు నల్లబడి ఉన్నాయి. అలాంటివే ఆమెకూ ఉన్నాయి.
“మందు కొడితే గోళ్లు నల్లబడవండీ,” అంది. “నా క్లాసులో అందరికంటే బాగా నేర్చుకున్నది మీరే. ముందు వరసలో కూర్చోబెట్టేదాన్ని కదా,” అంది.
తిట్టలేదు. తిడితే బాగుండేది. రేపు ఆఫీసర్‌కి చెప్పేస్తాను.

అక్టోబర్ 9
చెప్పలేదు. ఆయన లీవులో ఉన్నాడు.

అక్టోబర్ 10
ఆయన వచ్చాడట. నేను వెళ్లలేదు. దారిలో ఇద్దరు ఆపి, ఏ మందు కొట్టావో పేరు చెప్పమన్నారు. చెప్పాను.

అక్టోబర్ 14
తన సగంలో కూడా మందు కొట్టెయ్యమంది. కొట్టాను.