వాడికి దక్కని పేరు

అన్నా,

నువ్వు పోయి ఈ పొద్దుకు ఏడాది. మన వెబ్‌సైట్ల దుకాణం నేనే నడుపుతుండా.

మార్కాపురంలో పలకలు చేసేవాళ్లంతా ఒకేచోట అమ్ముకోవాలని ఊరి పేరుతో డొమైన్, అదే వెబ్‌సైట్ అడ్రసు, తీసుకున్నావు. అది తనకే కావాలని ఆన్‌లైన్‌లో పలకలమ్మే వ్యాపారి ఒకడు మనుషులతో వచ్చి, కంప్యూటర్లు పగలగొట్టి, ఇనుప రాడ్డుతో నీ తల మీద బాదినాడు. ఒంగోలు ఆసుపత్రికి తీసుకపోతుంటే, పొదిలి దాటకముందే నా ఒళ్లో నీ ఊపిరి ఆగిపోయింది.

ఈ పొద్దు ఒంగోలులో చిన్న ఐటీ కంపెనీలవాళ్ల మీటింగు జరిగింది. నువ్వెప్పుడూ వదిలిపెట్టని మీటింగే. నిన్ను చంపి బెయిలు మీద తిరుగుతున్న ఆ వ్యాపారి కూడా వచ్చినాడు. విజిటింగ్ కార్డులు పంచుతా నా దగ్గరికొచ్చి, "ఏందమ్మా, ఆ పేరు ఇప్పుడన్నా ఇస్తావా? మీ అన్న మాదిరి మొండికెయ్యొద్దు" అన్నాడు.

పిడికిలి బిగించి వాడి మొహం మీద గుద్దినా. ముక్కు పగిలి తెల్లచొక్కా అంతా రక్తమైంది. వాడు నా జుట్టు పట్టుకొని గోడకేసి కొట్టినాడు. అంతలో నీ స్నేహితుడు, గిద్దలూరు రఫీ భాయ్ అడ్డమొచ్చి, "ఈ పాప మీద చెయ్యేస్తే మా అందరి మీద వేసినట్లే" అని అరిచినాడు. అందరూ వాణ్ణి కిందపడేసి పట్టుకొని పోలీసులకు అప్పగించినారు.

నా కుడిచెయ్యి వాచిపోయింది. దుకాణానికొచ్చి ఎడమ చేత్తోనే టైపు చేసి, ఆ డొమైన్‌ను ఇంకో ఏడాదికి రెన్యువల్ చేసినా. యజమాని అని ఉన్నచోట నీ పేరే ఉంచినా.