క్రేటర్ గోడ మీద తెల్లచార

అహ్మదాబాద్,
జూన్ నెల.

ప్రియమైన నర్మదక్కా,

ఈ కట్ట చూసి మీ అత్తమ్మ గాభరా పడుతుందేమో, ఇవి ఎక్స్‌రేలు కావని ముందే చెప్పు. అన్నీ చంద్రుడి ఫోటోలే. డాక్టరమ్మ నీ బీపీ చూసి కాన్పు దాకా మంచం దిగొద్దందని, ఫోనూ ల్యాప్‌టాపూ కూడా బంద్ చేయించిందని క్రాంతి అన్న చెప్పాడు. రోజంతా చంద్రుడి నేలను చూస్తూ బతికే మనిషివి, ఏ స్క్రీనూ లేకుండా ఎలా ఉంటావు? కాగితం మీద చూడొద్దని ఎవరూ అనలేదు కదా. అందుకే ప్రింట్లు తీసి పంపుతున్నాను. ఉత్తరాలు రాయడం కూడా ఇద్దరం మళ్లీ నేర్చుకుందాం.

పైన ఉన్నవి మన క్రేటర్ గోడవి. ఐదేళ్ల తేడాతో ఆర్బిటర్ తీసిన రెండు ఫోటోలు. మొదటి దాంట్లో గోడ నున్నగా ఉంటుంది, రెండో దాంట్లో అంచు నుంచి అడుగు దాకా తెల్లచార. అది కనబడ్డ రోజు నువ్వు కుర్చీలోంచి లేచి, "యమునా, కొండచరియ జారిందే! మొన్న మొన్ననే జారింది!" అని అరిచావు. ఆ అరుపు నాకింకా వినిపిస్తోంది. సార్ ఆ చార మీద మనం రాసిన వ్యాసాన్ని ఆగస్టు సదస్సులో పెట్టిస్తానన్నారు. ల్యాండర్ దిగడానికి చోటు వెతికే బృందం కూడా దాని కోసం చూస్తోందట. ఆ గోడ ఇంకా జారుతోందని తేలితే కింది మైదానాన్ని పక్కన పెట్టేస్తారు.

ఈ వ్యాసం బయటికొస్తే నా కాంట్రాక్టు కూడా పొడిగిస్తామన్నారు. నీకు తెలుసు కదా, యాచారంలో పొలం పోయాక మా బాపు సాయన్న ఒక లేఅవుట్‌లో వాచ్‌మన్‌గా చేరాడు. ఈ ఉద్యోగం నిలబడితే ఆయన్ని ఆ పని మాన్పించాలని ఉంది.

కట్ట అడుగున మసకగా ఉన్న పాత ఫోటోలు కొన్ని పెట్టాను, కాలక్షేపానికి.

నీ చెల్లెలి లాంటి
యమున

*

ఇబ్రహీంపట్నం,
జూన్ చివర.

ప్రియమైన యమునా,

కట్ట అందింది. నువ్వు భయపడ్డట్టే అయింది. అత్తమ్మ పై ఫోటోను కిటికీ వెలుగుకు పట్టి, "ఇదేందే, పిల్ల తలకాయ గిట్ల గుంతలు గుంతలున్నది?" అంది. ఎన్నాళ్లకు నవ్వానో!

చంద్రుడని చెబితే నమ్మలేదు. "ఆడ వాన పడదంటివి. మరి గట్టు ఎట్ల జారింది?" అని నిలదీసింది. పైనుంచి రాళ్లు వచ్చి గుద్దుకుంటాయని, లోపల నేల కూడా అప్పుడప్పుడు కంపిస్తుందని చెప్పాను. "అయితే ఆడ గూడ నిమ్మలం లేదన్నట్టు" అంటూ వంటింట్లోకి పోయింది.

నాకూ నిమ్మళం లేదు. ఎడమ పక్కకే తిరిగి పడుకోవాలి. ఎదురుగా ఒకటే గోడ, ఒకటే కిటికీ. నాదర్‌గుల్‌లో విమానం నేర్చుకునేవాళ్లు ఒక్కోసారి ఇటువైపు వస్తారు. ఆ చప్పుడు దూరమయ్యేదాకా వింటాను, మళ్లీ ఎప్పుడొస్తుందా అని చూస్తాను. క్రాంతి హయత్‌నగర్ బస్సు డిపో నుంచి రాగానే చెయ్యి పట్టుకుని, "కదిలిందా ఇయ్యాల?" అని అడుగుతాడు. కదిలిందంటే గానీ చెప్పులు విప్పడు. ముందు పోయిన ఇద్దరు బిడ్డలూ కడుపులోనే, ఏ సడీ లేకుండానే పోయారు కదా. కాసేపు కడుపులో కదలిక లేకపోతే, అరచెయ్యి పెట్టి ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తాను.

అలాంటప్పుడు ఆ తెల్లచారను చూసుకుంటే ప్రాణం లేచొస్తుంది. ఇన్నేళ్లలో నా చేతుల్లో నిలిచింది అదొక్కటే అనిపిస్తుంది. పిచ్చి ఆలోచనే, అయినా నీకు కాక ఎవరికి రాయను?

ప్రేమతో,
నర్మదక్క

*

అహ్మదాబాద్,
జూలై.

ప్రియమైన అక్కా,

హడావుడిలో రాస్తున్నాను. ఆ కట్ట అడుగున పెట్టిన మసక ఫోటోలు ప్రింటర్ సరిగా తీయలేదు. వాటిని చూస్తే కళ్లు నొప్పి పుట్టడం తప్ప లాభం లేదు, పడెయ్యి. ఈసారి మంచివి పంపుతాను.

వ్యాసం గురించి నువ్వేమీ ఆలోచించకు. ఇక్కడ అంతా బాగానే ఉంది. నాకే రెండు మూడు రోజులుగా నిద్ర సరిగా పట్టడం లేదు, ఉక్కపోత వల్లనేమో. మెస్‌లో కూర చూస్తే ఆకలి చచ్చిపోతోంది.

బీపీ ఎంతుందో రాయి. తప్పకుండా రాయి.

నీ
యమున

*

ఇబ్రహీంపట్నం,
జూలై.

ప్రియమైన యమునా,

ఆ ఫోటోలు పడేశాను. ఒకసారి తిరగేశాను గానీ ఏమీ అర్థం కాలేదు. అత్తమ్మ వాటిని పప్పు డబ్బాల కింద పరిచింది.

సార్ నీ కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టారా? పెట్టగానే నాకు రాయి. ఈ నెలలోనే పెట్టించుకో, వాయిదా వెయ్యకు. ఇంకో మాట, ఊరికే అడుగుతున్నాను. సదస్సుకు ఎవరైనా చివర్లో వ్యాసం మార్చుకుంటామంటే ఒప్పుకుంటారా?

బీపీ కాస్త పెరిగింది. నిన్న డాక్టరమ్మ పట్టీ విప్పుతూ, "ఏం ఫికర్ చేస్తున్నవమ్మా? మాత్రలేస్తున్న గదా, ఎందుకు దిగుతలేదు?" అంది. ఏమీ లేదన్నాను. అత్తమ్మ నన్నే చూస్తూ నిలబడింది.

నిద్ర పట్టడం లేదన్నావు. నాకూ అంతే. నువ్వు మాత్రం తిండి మానకు.

ప్రేమతో,
నర్మదక్క

*

అహ్మదాబాద్,
ఆగస్టు మొదట్లో.

అక్కా,

ఈ ఉత్తరం మొదలుపెట్టి చాలాసార్లు చించేశాను. ఇక నా వల్ల కాదు.

ఆ చార కొత్తది కాదు. నీ మొదటి ఉత్తరం అందిన మర్నాడు, కట్ట అడుగున పెట్టిన అవే పాత ఫోటోలను స్క్రీన్ మీద పెద్దవి చేసి చూస్తుంటే కనబడింది. మన రెండు ఫోటోలకూ చాలా ముందు వేరే ఆర్బిటర్ తీసిన దాంట్లో, మసకగానే అయినా, ఆ చార అక్కడే ఉంది. మన మొదటి ఫోటో పొద్దున్నే ఏటవాలు ఎండలో తీసింది. అలాంటి ఎండలో ఎత్తుపల్లాలు కనిపిస్తాయి గానీ మట్టి రంగులో తేడా తెలియదు. రెండోది నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు తీసింది. పాతదీ అలాంటి ఎండదే. గోడ జారలేదక్కా, వెలుగు మారింది అంతే. ఆ మసక ఫోటోలు పడెయ్యమని రాసింది అందుకే.

అదే రోజు క్రాంతి అన్నకు ఫోన్ చేశాను. అన్న, "జర ఆగు యమునా. గీ ముచ్చట ఇప్పుడు ఆమె చెవుల పడితే ఏమైతదో నాకు తెల్వదు. మల్లొకసారి గట్ల అయితే నేను తట్టుకోలేను" అన్నాడు. ఆ గొంతు విన్నాక సరేనన్నాను. కానీ సదస్సు దగ్గర పడింది. కింది మైదానం పనికిరాదని ఆ బృందం రాసేసుకుంటే? అది మన మాట నమ్మి రాసుకున్నదే అవుతుంది. రేపు సార్‌కు చెప్పేస్తున్నాను. నా కాంట్రాక్టు ఏమైనా కానీ. నీకు వేరేవాళ్లు చెప్పకముందే నేనే చెప్పాలనుకున్నాను.

నన్ను తిట్టు. కానీ ఒంట్లో ఎలా ఉందో మాత్రం రాయి.

యమున

*

ఇబ్రహీంపట్నం,
ఆగస్టు చివర.

ప్రియమైన యమునా,

నీ ఉత్తరం వచ్చేసరికి నేను దవాఖానలో ఉన్నాను. క్రాంతి దాన్ని జేబులో పెట్టుకుని తిరిగాడు, ఇవ్వాలా వద్దా అని. నిన్న ఇంటికొచ్చాక ఇచ్చాడు. సార్ నీతో చెప్పకుండా దాటేశారేమో గానీ, నువ్వు ఆయన గదిలోకి వెళ్లకముందే ఆయనకు నా మాట చేరింది.

అవును, నాకు తెలుసు. ఆ మసక ఫోటోలు నువ్వు పడెయ్యమని రాయకముందే చూశాను. చెయ్యి ఊరికే ఉండదు కదా, అత్తమ్మ కళ్లద్దాలు అడిగి తీసుకుని మరీ చూశాను. సన్నటి దారంలా చార అక్కడ ఉంది. నీకు రాసిన మొదటి ఉత్తరం అప్పటికే పోస్టులో పడింది. పడెయ్యమని నువ్వు రాస్తే, నిజంగానే ప్రింటర్ తప్పనుకున్నాను. నీకు తెలియదనుకున్నాను. తెలిస్తే సార్‌తో చెప్పేస్తావు, కాంట్రాక్టు పోతుంది, మీ బాపు ఆ వాచ్‌మన్ పనిలోనే ఉండిపోతాడు. సంతకం పడ్డాక చెబుదామని దాచాను. ఒక్కో రోజూ దాస్తున్నకొద్దీ బీపీ పెరిగింది. నువ్వేమో సంతకం ఊసే ఎత్తలేదు.

చివరికి ఒక సాయంత్రం క్రాంతిని పిలిచి, "సార్‌కు ఒక మెసేజ్ పెట్టాలె. ఆ చార పాతదే, వ్యాసం ఆపమని" అన్నాను. క్రాంతి తింటున్న ముద్ద పళ్లెంలో పడేశాడు.

"గీ ముచ్చట నీకెవరు చెప్పిన్రు?"

"నేనే చూసిన. నీకెట్ల తెల్సు?"

అతను చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. తలుపు దగ్గర నిలబడ్డ అత్తమ్మే అందుకుంది. "ఆ పిల్ల ఏడ్చుకుంట ఫోన్ జేసింది. నీకు చెప్పొద్దని వీడు, వీడికి చెప్పకుంట నువ్వు. ఒక్క ఇంట్ల ఉండుకుంట గిదేం పద్ధతే?"

కోపం వచ్చింది, నీ మీదా అతని మీదా. నేనేమన్నా గాజు సామానునా అనిపించింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఇద్దరం ఒకే ముక్కను చెరో చివరా దాచిపెట్టుకుని, నిద్రలు లేక, ఒకరినొకరు తిండి తినమని రాసుకున్నాం. మెసేజ్ నేను చెబుతుంటే క్రాంతి టైపు చేశాడు. ఆ సాయంత్రమే కళ్లు మూతపడ్డాయి. ఎంత గాఢంగా నిద్రపోయానంటే, అత్తమ్మ భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిందట.

ఆపరేషన్ మాత్రం ముందే చెయ్యాల్సి వచ్చింది. పాప నెల ముందే పుట్టింది. బరువు తక్కువని వెచ్చటి గాజుపెట్టెలో పెట్టారు. అందుకే ఇన్నాళ్లూ రాయలేదు. బయట కూర్చుని లోపలికి చూడడం తప్ప నాకు వేరే పని లేకపోయింది. ఇప్పుడు బాగుంది, నా పక్కనే ఉంది.

సార్ నిన్న క్రాంతి ఫోన్‌కు చేశారు. వ్యాసం వెనక్కి తీసుకున్నారు. చోటు వెతికే బృందానికి కూడా ఆ గోడ కదల్లేదని రాసి పంపారట. మిగిలిన గోడలన్నీ ఒకే ఎండలో తీసిన ఫోటోలతో మళ్లీ చూడాలి, దానికి యమునే కావాలి అన్నారు. మాట ఇచ్చారు గానీ నీ కాంట్రాక్టు కాగితం ఇంకా రాలేదు. వచ్చేదాకా వదలకు. ఆ పనిలో మొదటి పేరు నీదే ఉండాలని నేను చెప్పాను. ఆ చోటు వదులుకున్నందుకు రెండు నిమిషాలైనా బాధ కలగలేదంటే అబద్ధం. కలిగింది, పోయింది.

సెలవు దొరికితే యాచారం పోయే ముందు ఇక్కడ దిగు. అత్తమ్మ నిన్ను తిట్టడానికి ఎదురుచూస్తోంది.

ఇక ఆపుతాను. పాప లేచింది, ఏడుస్తోంది. గొంతు ఎంత పెద్దదనుకున్నావు! వీధి చివరిదాకా వినిపిస్తుందట. అత్తమ్మ ఎత్తుకోబోతే క్రాంతి ఆపాడు. "జరసేపు ఏడ్వనియ్యి అమ్మా, ఇననియ్యి" అంటున్నాడు.

ప్రేమతో,
నీ నర్మదక్క