మల్లేశం స్కాన్ తీసేశాను

మంగళవారం, సూరత్

ఇవాళ మల్లేశం స్కాన్‌ని మా పరిశోధనలోంచి తీసేశాను. మిషన్ లోపల తల కదిపాడట, బొమ్మలన్నీ మసకబారాయి. మెదడులో గడ్డ ఎక్కడిదాకా పాకిందో కంప్యూటర్‌లో గీత గీయడం నా పని. పొద్దుటినుంచీ సరిచేయాలని చూశాను, కుదరలేదు. పరిశోధన నడిపే సార్ వచ్చి చూసి, "పనికిరాదు, తీసెయ్. ఇంకో పేషెంట్ దొరుకుతాడులే" అన్నారు.

దొరుకుతాడు. గడ్డలకేం కరువు?

సాయంత్రం ఇంటికి బయల్దేరుతుంటే మల్లేశం, అతని భార్య లక్ష్మి ఆసుపత్రి మెట్ల దగ్గర కనిపించారు. మందుల కోసం బమ్రోలి మగ్గాల పేట నుంచి వచ్చారు. నిన్నమొన్నటిదాకా మగ్గాలు నడిపిన మనిషి, గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"బిడ్డా, గా పెద్ద స్కాన్ల ఏమచ్చింది? గడ్డ తగ్గిందా?" అని లక్ష్మి అడిగింది.

"అది వైద్యం కోసం తీసింది కాదక్కా, పరిశోధన కోసం. సంతకం పెట్టించుకున్నప్పుడు చెప్పారు కదా."

"చెప్పిన్రు. గని అండ్ల పండుకొని అచ్చినసంది ఈయనకు తలనొప్పి జర తక్కువైంది. ఇంకొక్కపారి పండుకోబెడ్తరేమో సార్‌ను అడుగరాదు?"

అందులో మందేమీ లేదని చెప్పాలి.

"అడుగుతానక్కా" అన్నాను.

సార్ ఏమంటారో తెలిసే అన్నాను. మల్లేశం గోడ వదిలేసి రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టాడు. తూలి పడబోతే లక్ష్మి పట్టుకుంది. ఆ దండం నాకెందుకు? రేపు మళ్లీ ఆ మెట్ల మీదుగానే పనికి వెళ్లాలి...