మేస్త్రీ గారు విప్పిన వాక్‌మన్

బ్లాగోయే,

పొయ్యి మీద చిక్కుడు గింజల పులుసు ఉంది, వేడి చేసుకుని తిను. నేను పచ్చడికి మిరపకాయలు కాల్చడానికి అక్క వాళ్ళింటికి వెళుతున్నాను.

బల్ల మీద పళ్ళెంలో ఉన్నది నా వాక్‌మన్. గుర్తుపట్టలేవని చెబుతున్నాను. "ఇదెంత పని, ఇలా ఇవ్వు" అని కూరగాయల కత్తితో దాన్ని విప్పింది నువ్వే. మేస్త్రీ గారికి స్క్రూడ్రైవర్ కూడా దొరకలేదు మరి. బిగించాక మరలు మిగిలితే, "అవి ఊరికే ఎక్కువ వేస్తారే" అన్నావు. బజారులో రేడియోలు బాగుచేసే రాద్మిలోకు చూపించాను. "వదినా, దీన్ని నా దగ్గరికి కాదు, చర్చి ఫాదర్ దగ్గరికి తీసుకెళ్ళు" అన్నాడు.

ఇంకొకడితో బాగుచేయిస్తావో, కొత్తది కొంటావో నీ ఇష్టం. నువ్వు మాత్రం మళ్ళీ ముట్టుకోకు. రెండూ చేయకపోతే ఈ చలికాలమంతా నువ్వు మొరావా నదిలో పట్టిన చేపల కబుర్లు నేను వినాలి. ఏటేటా ఆ చేపలు పెరుగుతూనే ఉన్నాయి. నా వల్ల కాదు.

రూజిత్సా

కొత్తది కొన్నా చెవుల్లో పెట్టుకునేవి మాత్రం పాతవే ఉంచు. ఎడమది పలకదని నాకు తెలుసు. బాగుచేయించకు. పక్కగదిలో నువ్వు దగ్గితే నాకు వినబడేది ఆ చెవితోనే.