నిందితుడి కుర్చీ

గురువారం రాత్రి, లీసెస్టర్

శ్రీధర్ అంకుల్ ఇలా చేస్తారనుకోలేదు. లాయరుగా ఆయన నడిపే సొలిసిటర్ ఆఫీసులో నేను ట్రైనీగా చేరినప్పటి నుంచీ, ఏ వాదన ప్రాక్టీస్ చేసినా ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ వేయించేవారు. అది నిందితుడిది. "బాంబు పెట్టినోడైనా సరేనమ్మా, వాడి మొహం చూస్తూ మాట్లాడు" అనేవారు.

ఈ సాయంత్రం కమ్యూనిటీ హాల్లో చర్చ. ఉగ్రవాదులన్న అనుమానంతో పట్టుకున్నవాళ్ళని మిలిటరీ కోర్టులో విచారించవచ్చా అని. మిలిటరీ కోర్టే కావాలనేవాళ్ళని అంకుల్ కడిగేస్తారని చెప్పి మా ఫ్లాట్‌లో వాళ్ళందరినీ వెంటబెట్టుకెళ్ళాను. ఆయన మైకు అందుకుని, "అంతర్జాతీయ చట్టం మనలాంటి వాళ్ళ కోసమండీ. వీళ్ళకి మిలిటరీ కోర్టే ఎక్కువ" అన్నారు. హాలంతా చప్పట్లు.

తిరిగొచ్చేటప్పుడు ఆయన కారులో, ఎందుకలా అన్నారని అడిగాను.

"కౌన్సిల్ ఎలక్షన్‌కి నిలబడుతున్నా కదమ్మా. ఓట్లేసేది ఆ హాల్లో వాళ్ళేగా" అన్నారు, నవ్వుతూ.

రేపు ఆఫీసుకి వెళ్ళాలి. వెళ్ళి ఏం నేర్చుకోను?

ఇంకోటి ఇప్పుడే గుర్తొస్తోంది. హాల్లో కూడా, అలవాటు కొద్దీ, ఆయన ఎదుట ఖాళీ కుర్చీ వేసింది నేనే. మాట్లాడబోయే ముందు ఆయన కోటు విప్పి దాన్ని కప్పేశారు. అప్పుడు, ఉక్కగా ఉందేమో అనుకున్నాను.